సాలు అడిగే ప్రార్థన

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నేను మార్కాపురంలో దుకాణం షట్టర్ ఎత్తుతుండగా వచ్చింది. తుఫాను ముసురు ఇంకా వదల్లేదు. ఫోనులో మా చిన్నాయన, మా నాయన తమ్ముడు. "పెద్దమ్మ పోయిందిరా" అన్నాడు. ఆ మాట వెనకే, ఊపిరి కూడా తీసుకోకుండా, "వాగు వచ్చింది" అన్నాడు.

రెండు మాటలూ ఎందుకు కలిపి చెప్పాడో మా ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మీకు చెప్పాలి. అర్ధవీడు వైపు కొండల కింద మా ఊరు. మా క్రైస్తవుల ఇళ్ళు ఊరికి ఒక పక్కన ఉంటాయి. మా సమాధుల తోట ఆ ఇళ్ళకు ఎదురుగా కనబడుతూనే ఉంటుంది. మధ్యలో ఒక చేను. ఆ చేనుకు అడ్డంగా నడిస్తే శవపెట్టె మోసేవాళ్ళు భుజం మార్చుకునే లోపలే చేరిపోతారు. చుట్టు తిరిగి పోవాలంటే వాగు దాటాలి. ఎండాకాలం అది ఉత్త ఇసుక. ముసురు పడితే కొండల మీది నీళ్ళన్నీ అందులోకే వస్తాయి. ఆ చేనుకేమో చాలా ఏళ్ళుగా అడ్డంగా ముళ్ళకంప కట్టి ఉంది. మా తాత పోయినప్పుడు ఇట్లాగే వాగు వచ్చింది. అది దిగేదాకా ఆయన్ను ఇంట్లోనే పెట్టుకొని కూర్చున్నాం. ఆ రోజుల గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు.

అందుకే బస్సులో కంభం దాకా, అక్కడి నుంచి ఆటోలో ఊరి దాకా, నాకు ఏడుపు రాలేదు. ఆమెను ఎటు తీసుకుపోవాలన్న ఆలోచన ఒక్కటే.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆమె బోధకురాలు కాదు. సంఘంలో ఏ పదవీ లేదు. కలుపు కూలికి పోయే మనిషి. మా పెదనాయన చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. శుక్రవారం ఉపవాస కూడిక మాత్రం ఆమె ఇంటి ముందు రేకుల పంచలోనే జరిగేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చి గోనెపట్టాల మీద కూర్చునేవాళ్ళు. ఆమె ప్రార్థన చేసే పద్ధతి వాళ్ళల్లో కొందరికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను.

మా వైపు కూడికల్లో పాట అయిపోయాక ప్రార్థన అంశాలు అడుగుతారు. ఒకామె బోరు అంటుంది, ఒకామె బిడ్డ పెళ్ళి అంటుంది, ఒకామె మోకాళ్ళ నొప్పి అంటుంది. ప్రార్థన చేసేవాళ్ళు కళ్ళు మూసుకొని వాటన్నిటినీ వరసగా దేవుడికి అప్పజెప్పి ఆమేన్ అంటారు. పెద్దమ్మ అట్లా చేసేది కాదు. అందరి మాటా వినేది. విని, "రేపు వచ్చి చూస్తా" అనేది.

నిజంగానే వచ్చి చూసేది. బోరంటే బోరు దగ్గరికి, గేదె లేవడం లేదంటే గొడ్ల కొట్టంలోకి, పరీక్ష అంటే ఆ పిల్ల చదువుకునే మూలకు. చెప్పులు విడిచి పక్కన పెట్టేది. కొంగు తలమీదికి లాక్కునేది. నిలబడి చూసేది. కళ్ళు తెరిచే ఉండేవి. ఎంతసేపటికీ నోరు విప్పేది కాదు. ఒకసారి మా పక్కింటామె ఓపిక పట్టలేక అడిగింది.

"ఏంది పెద్దమ్మా, ప్రార్థన చేయమంటే గేదెను బేరానికొచ్చినదాని మాదిరి చూస్తాండావు?"

"చేస్తానే ఉండా."

"కళ్ళు మూసుకోకుండానా?"

"కళ్ళు మూసుకుంటే నాకు నేనే కనపడతా. తెరిస్తే ఆయన పని కనపడతాది" అంది పెద్దమ్మ.

ఆ గేదె బతకలేదు. ఆ మాట కూడా రాయాలి. ఆమె నిలబడిన ప్రతిచోటా మేలు జరిగిందని చెప్తే ఆమే ఒప్పుకునేది కాదు. గేదె చచ్చిన రోజు ఆమె మళ్ళీ పోయి, పక్కింటామెతో పాటు కొట్టం కడిగి, అక్కడే మళ్ళీ నిలబడింది.

ఇంకో అలవాటు ఉండేది. ప్రార్థన మొదలుపెట్టిన చోట ఆమేన్ అనేది కాదు. రెండు మూడు మాటలు మెల్లగా పలికి, చెప్పులు తొడుక్కొని పోయేది. ఆ పని ఒక కొలిక్కి వచ్చిందని ఆమెకు అనిపించినప్పుడు, అది ఎన్నాళ్ళకైనా సరే, ఎక్కడ ఉంటే అక్కడే ఆమేన్ అనేది. కలుపు తీసేటప్పుడు వరసలో కూర్చున్న ఆడవాళ్ళంతా ఏదో నవ్వులాటలో ఉండగా ఉన్నట్టుండి "ఆమేన్" అని వినబడేది.

"ఎవురిది పెద్దమ్మా ఇప్పుడు అయిపోయింది?" అని అడిగేవాళ్ళు.

"పెద్ద వీధిలో ఆ తాగుబోతోడిది."

"మానేసినాడా?"

"యాడ మానేసినాడు? నిన్న పెండ్లాం కాళ్ళకు నూనె రాస్తాండాడు. చూసినా."

అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. పెద్దమ్మ నవ్వేది కాదు. ఆమెకు అది నవ్వే విషయంగా తోచేది కాదు.

నేను ఐటీఐ చదివే రోజుల్లో సెలవుల్లో ఆమెతో పాటు కూలికి పోయాను. పొద్దున చేనికి నడుస్తూ అడిగాను, అసలు దేవుణ్ణి ఏమడుగుతావు పెద్దమ్మా అని. ఆమె నడక ఆపలేదు.

"చేను కాడికి పోయినాక మొదట ఏం చేస్తాం?"

"కలుపు తీస్తాం."

"దానికి ముందు?"

నాకు తెలియలేదు.

"నాకు ఏ సాలు అని అడుగుతాం. నీ ఇష్టమొచ్చిన సాలులో కూర్చొని పీకుతా అంటే రైతు ఒప్పుకుంటాడా? అవతల ఎవురికి ఏం చెప్పినాడో, యాడ ఏం విత్తినాడో నీకేం తెలుసు? పైరు పీకి కలుపు మిగిలిస్తావు. ఆయన మనకంటే ముందే వచ్చి ఉంటాడు చేనికి. పోయి నిలబడి, నాకు ఏ సాలు నాయనా అని అడగాల. నాకు తెలిసిన ప్రార్థన అదే."

"మరి మన అక్కర చెప్పుకోవద్దా?"

"చెప్పు. ఎవురొద్దన్నారు? దప్పికైతే రైతును నీళ్ళు అడగమా? అడుగుతాం, ఆయన పోస్తాడు. అంతమాత్రాన నీళ్ళు తాగేదానికే కూలికి పోయినామా?"

ఆ రోజు నాకు ఇది చమత్కారంగా అనిపించింది, అంతే. ప్రభువు శిష్యులకు నేర్పిన ప్రార్థనలో రొట్టె అడగడానికి ముందే తండ్రి రాజ్యం, తండ్రి చిత్తం వస్తాయని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కంఠతా వచ్చు. వచ్చినా, రొట్టె దగ్గర తప్ప నా మనసు ఎక్కడా నిలిచేది కాదు. ఆమె మనసు ఆ ముందు మాటల దగ్గరే నిలబడిపోయేది, చేను గట్టు మీద నిలబడినట్టు.

ఇప్పుడు ఆ చేను సంగతి.

దాని ఆసామిని మేము గొర్ల మామ అనేవాళ్ళం. హిందువుల ఇల్లు, గొర్రెల మంద ఉన్న కుటుంబం. చేను మధ్యనే కొట్టం, పక్కన గొర్రెల దొడ్డి, అక్కడే కాపురం. వాళ్ళ నాయన ఉన్నప్పుడు మా శవాలు ఆ చేనులోంచే పోయేవి, ఎవరూ ఎవరినీ అడిగింది లేదు. ఒక వానాకాలం మా వాళ్ళల్లో ఒకాయన పోతే జనం ఎక్కువగా వచ్చారు. అప్పుడే మొలిచిన కంది తొక్కుడైంది. గట్టు తెగింది. ఆ రాత్రి వానకు పైమట్టి కొట్టుకుపోయింది. మరునాడు ఒక్కరైనా పోయి ఆయనతో ఒక మాట అనలేదు. మాకు మా దుఃఖం. ఆయన వారం చూసి, కంప తెచ్చి కట్టేశాడు. ఎవరైనా అడిగితే, "మీ శవం పోయింది, నా పైరు పోయింది. మీ శవానికి పాటలు పాడినారు గదా, నా పైరుకు ఎవురు పాడినారు?" అనేవాడు. ఆయన మాటలో తప్పు లేదు. మా అవసరమూ అబద్ధం కాదు. మండలాఫీసుకు తిరిగాం. చూస్తామన్నారు.

తాత విషయం జరిగాక సంఘంలో యువకులు యెరికో ప్రార్థన పెట్టుకుందామన్నారు. పాత నిబంధనలో యెరికో గోడల చుట్టూ ఇశ్రాయేలీయులు ఏడు రోజులు తిరిగితే గోడలు కూలాయి గదా, ఆ లెక్కన మేము ఆ కంప చుట్టూ తిరగాలని. ముందు నడిచింది మా చిన్నాయనే. ఆయన సంఘ పెద్ద, గొంతు కూడా పెద్దది. పాస్టరుగారికి అంత ఇష్టం లేదు గానీ కాదనలేకపోయారు. పొద్దున్నే డప్పు, తాళాలు, పాటలు. నేనూ తిరిగాను. పెద్దమ్మ కూడా వచ్చింది, అందరికంటే వెనక, చేతిలో చెప్పులు పట్టుకొని.

మొదటి రోజు గొర్ల మామ దొడ్డి దగ్గర పళ్ళు తోముకుంటూ చూశాడు.

"ఏంది బావా, చేను కొలుస్తాండారా? కొనేదుంటే కూర్చొని మాట్లాడుకుందాం రారాదూ" అని అరిచాడు.

మా చిన్నాయన పాట ఇంకా గట్టిగా అందుకున్నాడు.

మూడో నాడు, నాలుగో నాడు గొర్రెలు డప్పుకు బెదిరి దొడ్డి తోసుకొని బయటపడ్డాయి. మామ, ఆయన భార్య వాటి వెంట పరుగెత్తారు. మాలో కొందరు నవ్వారు. ఆఖరి రోజు తిరగడం అయిపోయాక అందరం కంప ముందు నిలబడి పెద్దగా కేకలు వేయాలి, అది కూలాలి. చిన్నాయన పెద్దమ్మ వైపు తిరిగి, "వదినా, నువ్వు ప్రార్థన చెయ్యి. నీ ప్రార్థన అయినాక కేకలేస్తాం" అన్నాడు.

ఆమె చెప్పులు కింద పెట్టింది. కొంగు తలమీదికి లాక్కుంది. కళ్ళు తెరిచి చేను చూసింది. ఎంతకీ మాట్లాడదు. వెనక పిల్లలు కాళ్ళు మార్చుకుంటున్నారు. తరువాత మామూలు గొంతుతో, పక్కన ఉన్న మనిషితో మాట్లాడినట్టు, "తండ్రీ, ఈ చేను బాగా పండాల. ఈ ఇంట్లో నీకేం పనుందో నాకు తెలీదు. మేము నీ పనికి అడ్డంగా తిరిగినామేమో. నాకు ఏ సాలో చూపించు" అంది. ఆమేన్ అనలేదు. చెప్పులు తీసుకొని ఇంటికి పోయింది.

కేకలు ఎవరి గొంతులోంచీ సరిగా రాలేదు. చిన్నాయన ఒక్కడే ఒకసారి అరిచి ఊరుకున్నాడు. మరుసటి రోజు గొర్ల మామ ఇంకో బండెడు కంప తెచ్చి, ఉన్న కంప మీద కట్టాడు.

చిన్నాయన ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు. మాట్లాడిన రోజు గొడవే పెట్టుకున్నాడు.

"మన కోసం ప్రార్థన చేయమంటే వాని చేనికి చేసినావు గదా వదినా!"

"చేను చూస్తా ఉంటే చేను గురించే నోట్లోకి వచ్చింది అబ్బయ్యా. నేనేం చేసేది?"

"కంప కూలాల అని ఒక్క మాట అంటే నీ నోరేమన్నా పడిపోతాదా?"

"కంప మనకు అడ్డం. దేవుడికి అడ్డమా?"

 చిన్నాయన కోపం తగ్గలేదు.

ఆ తరువాత ఆమె ప్రతిరోజూ కూలి నుంచి వచ్చేటప్పుడు ఆ కంప దగ్గర కాసేపు నిలబడి వచ్చేది. నేను ఊరికి పోయినప్పుడు ఒక సాయంత్రం ఆమెతో నిలబడ్డాను. మాట్లాడవద్దని ఆమె చెప్పలేదు, అయినా మాట రాలేదు. నల్లరేగడి చేను, మోకాలెత్తు కంది. దాని వెనక కొండలు. పొద్దు కొండల వెనక్కు దిగుతుంటే నీడ చేను మీదుగా మా వైపు మెల్లగా వస్తోంది. రోజూ వచ్చే నీడే. కానీ ఆమె చూసే తీరు చూస్తే, ఆ చేనులో ఎవరో పనిలో ఉన్నట్టూ, ఆయన తలెత్తి పిలిచేదాకా గట్టు మీద ఆగి ఉన్నట్టూ ఉంది.  అంతవరకూ నేను దేవుడికి చెప్పడమే గానీ, ఆయన అప్పటికే ఒక పనిలో ఉన్నాడని ఎప్పుడూ అనుకోలేదు. ఆ చేను నాకు అంతకుముందు ఎంత ఉండేదో అంతే లేదు. పెద్దదైపోయింది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

అట్లా నిలబడి చూస్తున్నందువల్లనే ఆమెకు గొర్ల మామ తల్లి కనబడింది. ఆ ముసలామె నడుము పడిపోయి కొట్టంలో మంచం మీద ఉండేది. మామ, ఆయన భార్య గొర్రెల వెంట పోతే పగలంతా ఒంటరి. ఒకరోజు మామ దొడ్డి దగ్గర గొర్రెలను లోపలికి తోలుతూ కంప అవతలి నుంచి పెద్దమ్మను అడిగాడు. ఈ మాటలు తరువాత ఆయనే నాకు చెప్పాడు.

"ఏందక్కా, రోజూ వచ్చి నా కంపకు కాపలా కాస్తాండావా?"

"కంప సంగతి కాదు తమ్ముడా. మీ అమ్మ నీళ్ళకు పిలుస్తాండాది. గొర్ల అరుపుల్లో నీకు వినపడలా."

మామ కొట్టంలోకి పోయి చూసి వచ్చాడు.  తరువాత ఒక కంపమండ పక్కకు లాగి, "ఇట్ల రా" అన్నాడు.

ఆ సందు ఒక మనిషి పట్టేంత. పక్కకు తిరిగి దూరాలి. పెద్దమ్మ ఆ సందులోంచి రోజూ పోయేది. ముసలామెకు ఒళ్ళు తుడిచేది, వీపు పుండ్లకు మందు రాసేది, తల దువ్వేది. మా వాళ్ళు ఆ ఇంటి గడప దాటి లోపలికి పోవడం అంతకుముందు లేదు. దాని గురించి ఆమె ఏమీ అనుకోలేదో, వాళ్ళు ఏమీ అనుకోలేదో, అందరూ అనుకొనే ఊరుకున్నారో నాకు తెలియదు. ఆ ముసలామె మాత్రం పెద్దమ్మ ఆలస్యంగా పోయిన రోజు తిట్టేదట. "నీకు ఇప్పుడు తెల్లారిందా ముండా" అని. ఆ తిట్టు గురించి చెప్పేటప్పుడు పెద్దమ్మ ముఖంలో కొంచెం నవ్వు ఉండేది.

ఆ ముసలామె పోయినప్పుడు చేను మూలలోనే పూడ్చారు, వాళ్ళ పద్ధతిలో. పెద్దమ్మ అక్కడే ఉంది. అన్నీ అయ్యాక మామ, "నువ్వు కూడా ఏమన్నా చెప్పక్కా మీ దేవుడికి" అన్నాడట. "చెప్పేదేముంది, ఆయన చూస్తానే ఉన్నాడు" అని, అలవాటుగా నిలబడి చూసి వచ్చేసింది.

అదిగో, అప్పుడు సంఘమంతా ఆమె మీద పడింది. పొలంలో, కూడికలో, బావి దగ్గర, ఎక్కడ కనబడితే అక్కడ. చిన్నాయన అయితే ఇంటికే వచ్చాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"వదినా, ఇప్పుడడుగు. దారి ఇయ్యి తమ్ముడా అని ఒక్క మాట. ఇంక కాదనలేడు."

"కాదనలేడు గాబట్టే అడగను."

"ఇదేం మొండితనం?"

పెద్దమ్మ జొన్నలు చెరుగుతోంది. చేట ఆపింది.

"ఇప్పుడడిగితే ఆ ముసలామెకు తల దువ్వింది దారి కోసమే అయిపోతాది. నేను దారి కోసం దువ్వలా."

"మా నాయన్ను అన్ని రోజులు ఇంట్లో పెట్టుకొని కూర్చున్నాం. మరిచిపోయినావా?" అన్నాడు చిన్నాయన. ఆ రోజుల మాట ఆయన నోట నేను అంతకుముందు వినలేదు.

ఆమె చేట కింద పెట్టింది.

"మరిచిపోలా అబ్బయ్యా. దేవుడు ఆ చేనులో ఏదో చేస్తాండాడు. నాకు సగమే కనపడతాండాది. సగంలో నేను చెయ్యి పెడితే చెడిపోతాది. ఎవురూ అడగొద్దండి. నా మీద గౌరవముంటే అడగొద్దండి."

"రేపు వానాకాలంలో నువ్వే పోతే? నిన్ను యాడ మోసుకుపోయేది?"

"అది నాకెందుకు? మోసేది మీరు గదా" అని మళ్ళీ చేట అందుకుంది.

చిన్నాయనకు నవ్వు వచ్చింది. కోపంలోనే వచ్చింది. ఆ తరువాత ఎవరూ అడగలేదు. సందు మాత్రం అట్లాగే ఉండిపోయింది, ఒక మనిషి పట్టేంత. ముసలామె పోయాక కూడా పెద్దమ్మ అందులోంచి పోయి మామ భార్యతో కాసేపు కూర్చొని వచ్చేది. వాళ్ళింట్లో ఈనిన గొర్రె ఉంటే జున్నుపాలు మా ఇళ్ళకు వచ్చేవి. మా ఇళ్ళల్లో క్రిస్మస్ పిండివంటలు ఆ సందులోంచి పోయేవి. సంఘం కుర్రాళ్ళు, మామ కొడుకు కలిసి క్రికెట్ ఆడడం మొదలుపెట్టారు. ఇవన్నీ ఒక్కొక్కటిగా, ఎవరూ గమనించకుండా జరిగాయి. చేను గురించి ఆమె ఆమేన్ అనడం మాత్రం ఎవరూ వినలేదు. చిన్నాయన అప్పుడప్పుడు ఎగతాళిగా అడిగేవాడు, "వదినా, ఆ చేను ప్రార్థన అయిపోయిందా, ఉందా?" అని. "ఉంది" అనేది.

నేను ఊరు చేరేసరికి ఆమెను పంచలో పడుకోబెట్టి ఉన్నారు, శుక్రవారం ఆడవాళ్ళు కూర్చునే చోటే. ముందురోజు సాయంత్రం సంగటి తిని పడుకుందట, పొద్దున లేవలేదు. ముఖం మామూలుగా ఉంది. వాన సన్నగా పడుతోంది. కంభం నుంచి పెట్టె వచ్చింది. వాగు మోత ఇంటి దాకా వినబడుతోంది. మగవాళ్ళు పంచ చూరు కింద నిలబడి మాట్లాడుకుంటున్నారు. ట్రాక్టరు మీద దాటిద్దామని ఒకరు, ట్రాక్టరే కొట్టుకుపోతుందని ఒకరు. రేపటిదాకా చూద్దామన్నారు ఎవరో. రేపు అన్న మాట వినగానే చిన్నాయన వానలోకి దిగి పోయాడు.

పోయి మామను అడిగితే? ఆ ఆలోచన అందరికీ ఉంది. కానీ ఆమె వద్దన్నది. బతికి ఉన్నప్పుడు ఆమె మాట దాటినవాళ్ళం, ఆ రోజు దాటలేకపోయాం. పాస్టరుగారు కూడా, "ఆమె వద్దందంటే వద్దు" అన్నారు. అట్లా ఎంతసేపు నిలబడ్డామో.

చిన్నాయన బయటి నుంచి నన్ను పిలిచాడు. పిలుపులో ఏదో తేడా ఉంది. పోయాను. ఆయన మా ఇళ్ళ చివర నిలబడి చేను వైపు చూస్తున్నాడు. పెద్దమ్మ పంచలోంచి చేను కనబడదు, వానలో పొద్దుటి నుంచి ఇటు వచ్చినవాళ్ళూ లేరు.

కంప లేదు. కంపమండలన్నీ గట్టు మీదికి లాగేసి ఉన్నాయి. కంది ఆ వేళకు నిండు పూతలో ఉంది, అక్కడక్కడ పిందె. ఆ పసుపుపచ్చటి పూత మధ్యన మా ఇళ్ళ వైపు నుంచి సమాధుల తోట వైపుకు తిన్నగా ఒక బాట పడి ఉంది. దాని చివర గొర్ల మామ, ఆయన భార్య, కొడుకు వంగి కంది కోస్తున్నారు. కోసిన కట్టెను పూతతో సహా ఆ బురద మీదే పరుస్తున్నారు, మోసేవాళ్ళ కాళ్ళు రేగడిలో దిగబడకుండా. ముగ్గురూ తలల మీద యూరియా సంచులు కప్పుకున్నారు.

మేము పోయేసరికి మామ నడుం పట్టుకొని లేచాడు.

"పెట్టె ఎంత వెడల్పు ఉంటాది అల్లుడా? మోసేవాళ్ళు రెండు పక్కలా నడవాల గదా. సరిపోతాదా ఇది?"

నేను చేతులు చాపి వెడల్పు చూపించాను.

"బావా, పైరు..." అన్నాడు చిన్నాయన.

"పైరు సంగతి నేను చూసుకుంటాలే. వాగు మోత వింటానే ఉండా గదా. పొద్దున కబురు తెలిసినప్పుడు కొడవలి తీసుకున్నా."

"ఇంకో సాలు కొయ్యి. ఈ పక్క కాళ్ళకు తగులుతాది" అంది ఆయన భార్య, తలెత్తకుండానే. ఆమె ఏడుస్తోంది.

మామ ఇంకో సాలు పట్టాడు. రెండు మూడు మొదళ్ళు కోసి మళ్ళీ ఆగాడు. కొడవలి చేతిలోనే ఉంది. చిన్నాయన వైపు కాదు, చేను వైపు చూస్తూ అన్నాడు.

"ఆ యమ్మ ఒక్కరోజన్నా అడిగిందా? అడుగుతాది, అడిగినప్పుడు కాదు పొమ్మందామని నేను చూస్తానే ఉంటి. ఎన్నేండ్లు చూసినా! అడగలా."

చిన్నాయన చొక్కా విప్పి పక్కన పెట్టి ఆయన కొడుకు చేతిలోంచి కొడవలి తీసుకున్నాడు. నేను కోసిన కట్టె పరిచాను. కాసేపటికి మా ఇళ్ళ నుంచి ఇంకొందరు వచ్చారు.  వాన పడుతూనే ఉంది. పూత చేతులకు అంటుకుంటోంది.

ఆమెను ఆ బాటనే తీసుకుపోయాం. గొర్ల మామ కూడా పెట్టెకు ఒక వైపు భుజం పట్టాడు. ముసలామెను పూడ్చిన మూల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే అందరం కాస్త ఆగాం. తరువాత నడిచాం. సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేశారు, అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్ ఆమె సమాధి మీద చేసిన ప్రార్థనకే.

తిరిగి వచ్చేటప్పుడు జనం ముందు పోయారు. నేనూ చిన్నాయనా వెనకబడ్డాం. ఆయన కాళ్ళ నిండా బురద.

"ఈసారి మనం ఒక్క చుట్టు కూడా తిరగలేదు గదరా" అన్నాడు.

కంప ఉండిన చోటికి వచ్చాక ఆగాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ రోజు పెద్దమ్మ నిలబడింది ఇంచుమించు అక్కడే.

"ఆ ప్రార్థనకు ఆమేన్ లేదు. ఆమె అనలేదు" అన్నాడు. "మనం అందామా?"

నేను వెనక్కు తిరిగి చేను చూశాను. దారి వచ్చింది. అంతకు మించి ఇంకేదో వచ్చింది, వస్తూనే ఉంది, అది ఎందాకా పోతుందో నాకు తెలియదు. మేము ఆ రోజుల్లో దారి ఒక్కటే అడిగాం. అది దొరికి ఉంటే తీసుకొని, ఆ ఇంటి వైపు తల తిప్పకుండా మా శవాలను మోసుకుంటూ పోయేవాళ్ళం. ఆ ఆలోచన వచ్చేసరికి అది ముగిసిందనడానికి నాకు మనసు రాలేదు. నేను అనలేదు. చిన్నాయన కూడా నోరు తెరిచి, మూసుకున్నాడు.

"ఉండనీలేరా" అన్నాడు.

వాన వెలిసింది. మామ కొడుకు దొడ్డి తడిక తీసి గొర్రెలను వదిలాడు. పచ్చి కంది వాసనకు అవి బాటలోకి వచ్చాయి. పరిచిన కట్టెను అక్కడక్కడ కొరుకుతూ మా వైపు వచ్చాయి. మామ వాటిని అదిలించలేదు. ముందు నడిచే ముసలి గొర్రె కంప ఉండిన చోటికి వచ్చి టక్కున ఆగింది. దాని ముందు ఇప్పుడు ఏమీ లేదు. దాని వెనక మందంతా ఆగింది. అది మెడ చాపి, లేని ముళ్ళను వాసన చూసింది. చాలాసేపు చూసింది. తరువాత ముందరి కాలు ఒకటి ఎత్తి, ఇవతల పెట్టింది.